నాన్న ముందుపళ్ళు

ఆ ఏడాది వానాకాలం మొదలైన వారంలోనే మా నాన్న ముందుపళ్ళు నాలుగూ ఒకే ఉదయం పోయాయి. చిగుళ్ళ జబ్బు. రెండేళ్ళుగా కదులుతున్నాయట, ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు. నేను పనిచేసేది పెట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో. కూతురు ఆ పనిలోనే ఉంది కాబట్టి చెబితే అది కంగారు పడుతుందని ఆయన ఉద్దేశం. మా నాన్నకి సొంత కూతురి దగ్గర కూడా మొహమాటమే.

మా ల్యాబుకి సరిగ్గా కింద అంతస్తులో పళ్ళ డాక్టరమ్మ క్లినిక్ ఉంది. ఆవిడ ఫోను చేసి, "ఒకసారి కిందికి రా, ఇక్కడ కుర్చీలో మీ నాన్నగారున్నారు," అంది. రెండేసి మెట్లు దిగుతూ వెళ్ళాను. నోరు తెరుచుకుని పడుకున్న మనిషి నన్ను చూసి, "ఏం లేదమ్మా, ఇటుగా వెళ్తూ ఊరికే చూపించుకుందామని," అన్నాడు. ఆయన ఇటుగా వెళ్ళే దారే లేదు.

"నాలుగూ తీసేయాలండీ. ఉంచితే పక్కవి కూడా లాక్కుపోతాయి," అంది డాక్టరమ్మ.

నొప్పి గురించి ఆయన అడగలేదు. "తీసేశాక శాక్సోఫోన్ వాయించొచ్చా?" అని అడిగాడు.

డాక్టరమ్మ నావైపు చూసింది. శాక్సోఫోన్ వాయించేవాడు మౌత్‌పీస్‌ను ఊరికే నోట్లో పెట్టుకోడు. పై పళ్ళు దాని మీద ఆనాలి. కింది పెదవి, మోత పుట్టించే సన్నటి రీడ్ బద్ద కింద మెత్తలా ఉండాలి. వాయిద్యం బరువు మెడలో వేసుకున్న పట్టీ మోస్తే, దాన్ని కదలకుండా నిలబెట్టేవి ఆ పై పళ్ళే. అవి లేకపోతే బుగ్గలెంత పెద్దవైనా లాభం లేదు.

"చిగుళ్ళు మానడానికి రెండు నెలలు పడుతుంది. తర్వాత పెట్టుడుపళ్ళు. అవి చేసేది మీ అమ్మాయే కదా," అంది ఆవిడ.

"అయితే సరిపోతుంది," అన్నాడు నాన్న. ఆయన మనసులో ఉన్నది మూడు నెలల తర్వాత ఒక శనివారం. ఆ రోజుకి స్టూడియో దొరికింది. ఆ రోజు ఆయన రికార్డు.

అప్పటికి ఆయన వయసు అరవై ఒకటి. వాయించడం మొదలుపెట్టి నలభై నాలుగేళ్ళు. పదిహేడేళ్ళప్పుడు ఒక మిల్లు బ్యాండులో కవాతు పాటలు వాయిస్తుండగా ఎవరో రేడియోలో అమెరికా నల్లవాళ్ళ బ్లూస్ పాట వినిపించారట. ఆ రోజు నుంచి కవాతులో ఈయన అడుగు మాత్రం అరక్షణం వెనక పడేదనీ, అందుకే పీకేశారనీ నాన్న పక్కన వాయించే పియానో మావయ్య చెబుతాడు. తర్వాత రెండేళ్ళు సర్కస్. తర్వాత హోటళ్ళ డాన్సు హాళ్ళు, జాజ్ బ్యాండ్లు, ఎందరో పాటగాళ్ళ వెనక వరస. ఆయన ఊదిన రికార్డులు మా ఇంట్లో ఒక బీరువా నిండా ఉన్నాయి. ఒక్కదాని అట్ట మీదా ఆయన పేరు లేదు. వాయించినవారు ఫలానా, ఫలానా, తదితరులు అని ఉంటుంది. మా అమ్మకి కోపం వచ్చినప్పుడు "తదితరులు గారూ, కాస్త ఇటు వస్తారా?" అని పిలుస్తుంది.

ఇన్నాళ్ళకి ఒక చిన్న రికార్డు కంపెనీ యజమాని ఆదివారం మధ్యాహ్నాలు హోటల్లో నాన్న వాయించేది వింటూ వింటూ, ఎనిమిది పాటలు చేద్దామన్నాడు. ముందు నిలబడేది మా నాన్న. అట్ట మీద ఫొటో మా నాన్నది. ఆ కబురు చెప్పిన రోజు అమ్మ ఆయన్ని మీరు అని కాకుండా ఇంకేదో పిలవబోయి, నన్ను చూసి ఆపేసింది.

*

పళ్ళు పోయిన మనిషి ఇంట్లో ఉండటం వేరు, శాక్సోఫోన్ మోగని ఇంట్లో ఉండటం వేరు. రెండోదానికి మేం సిద్ధంగా లేము. రోజూ పొద్దున్నే పెట్టె తెరిచేవాడు. మీటలకి చుక్క చుక్క నూనె వేసి, ఇత్తడి తుడిచి, మళ్ళీ పెట్టెలో పడుకోబెట్టేవాడు. మాట్లాడేటప్పుడు నోటికి రుమాలు అడ్డం. చివరికి కూరగాయలావిడ దగ్గర కూడా వేలితో చూపించి కొనుక్కొచ్చేవాడు. ఆవిడ జాలిపడి కొసరు ఎక్కువ వేసేది.

మా అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. వెనక గదిలో మిషను, ముందు గదిలో శాక్సోఫోన్, ముప్పై రెండేళ్ళుగా మా ఇంటి చప్పుడు అదే. "ఇల్లింత నిశ్శబ్దంగా ఉంటే నాకు కుట్టు తప్పుతోంది," అంది ఒక రోజు. అంతకు ముందు ఆవిడే "ఆ గొట్టం కాసేపు పక్కన పెట్టండి" అని రోజుకోసారి అరిచేది.

హోటల్లో ఆదివారాలు నాన్న స్థానంలో ఒక కొత్తాయన వాయిస్తున్నాడు. పియానో మావయ్య ప్రతి సోమవారం వచ్చి ఆ విశేషాలు చెప్పి వెళ్ళేవాడు. ఈ మావయ్య మాకు రక్తసంబంధం కాదు. మా నాన్న పక్కన ఇరవై ఆరేళ్ళుగా పియానో వాయిస్తూ వాయిస్తూ మావయ్య అయిపోయాడు.

"ఏం వేగం బావా! పాట అయిపోతోంది, వాడి దగ్గర స్వరాలు ఇంకా మిగిలిపోతున్నాయి. నువ్వు ఒక్కటి ఊది ఊరుకునే చోట వాడు ముప్పై ఊదుతాడు. నాకు ఆవలించడానికి కూడా సందు దొరకట్లేదు."

నాన్న రుమాలు వెనక నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు పట్టుదల వచ్చింది. ఇంతకాలం ముక్కూ మొహం తెలియనివాళ్ళ నోళ్ళకి పళ్ళు చేశాను. ఇప్పుడు నా నేర్పంతా చూపించాల్సింది ఇక్కడ.

రెండు నెలలు గడిచాక అచ్చు తీశాం. నోటి నిండా అచ్చు తీసే గులాబీ ముద్ద పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, "ఇబ్బందిగా ఉందా నాన్నా?" అంటే బొటనవేలు పైకెత్తాడు. ఆయనంతే. నాకు పదేళ్ళప్పుడు ఆయన జుట్టు నేనే కత్తిరిస్తానని పట్టుబట్టి, ఒక పక్క చెవి మీద దాకా లేపేశాను. అద్దంలో చూసుకుని, "చల్లగా ఉందమ్మా," అన్నాడు. తర్వాత మూడు వారాలు టోపీ పెట్టుకుని హోటల్లో వాయించాడని పెద్దయ్యాక తెలిసింది.

ఆయన పాత పళ్ళు నాకు గుర్తే. ఎడమ ముందుపన్ను కాస్త పొడుగు, కొంచెం పక్కకి తిరిగి ఉండేది. దానికీ కుడిదానికీ మధ్య సందు. అంచులు అరిగి, ఎత్తుపల్లాలుగా ఉండేవి. అవకాశం నా చేతికొచ్చింది కదా అని అవన్నీ సరిచేశాను. రంగు కుదరడానికి నమూనా పలకలన్నీ ఆయన ముఖం పక్కన పెట్టి చూశాను. నాలుగు రోజులు మైనం చెక్కాను. మా ల్యాబు పెద్దాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, నా పనిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదీ పన్నంటే," అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకు మించిన మెచ్చుకోలు ఎవరికీ రాదు. గాల్లో తేలుతూ ఇంటికి వెళ్ళాను.

నాన్న ఆ పళ్ళు పెట్టుకుని, వీధి తలుపు బయటికి వెళ్ళి, కొత్త మనిషిలా గంట కొట్టాడు. అమ్మ తలుపు తీసి ఆయన ముఖంలోకి చూసింది. "ఎవరండీ మీరు? మా ఆయన ఇంట్లో లేరు, తర్వాత రండి," అని తలుపు వేసేసింది. ముగ్గురం పడీ పడీ నవ్వాం. పదేళ్ళు తగ్గినట్టున్నాడు. రుమాలు ఉతుక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున వాయించాడు.

తప్పేం లేదు. శ్రుతి సరిగ్గా ఉంది. మెట్టు మీద మెట్టు, ఏదీ జారలేదు. కానీ మా నాన్న స్వరంలోకి నేరుగా రాడు. దానికి కొంచెం కింద మొదలుపెట్టి, భుజంతో తలుపు నెట్టుకుంటూ వచ్చినట్టు వస్తాడు. కింది స్వరాల్లో ఆయన గొంతు జీర కూడా కలిసి వినిపిస్తుంది. ఆ రోజు ఆ నెట్టుకు రావడమూ లేదు, ఆ జీరా లేదు. ఎవరో చదువుకున్నాయన మా నాన్న ఉత్తరాన్ని గట్టిగా చదివి వినిపిస్తున్నట్టుంది.

"కొత్త కదమ్మా, అలవాటు కావాలి," అన్నాడు.

"పళ్ళెలా ఉన్నాయి నాన్నా?"

"బంగారం."

ఆ రోజే కాదు, రోజూ అడిగాను. రోజూ బంగారమే. నాలుగో రోజు నుంచి ఆయన సాధనకి బయటికి వెళ్ళడం మొదలుపెట్టాడు. పార్కులో గాలి బాగుంటుందన్నాడు. బయట కుండపోతగా వాన కురుస్తోంది. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో పెట్టె పట్టుకుని గాలి కోసం పార్కుకి వెళ్ళాడు. నేను అదీ నమ్మాను.

*

రికార్డింగు రెండు వారాలుందనగా ఒక రోజు ల్యాబులో కరెంటు పోయి, మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. మాది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. చివరి మలుపు దగ్గరికి వచ్చేసరికి ముందు గదిలోంచి మాటలు వినిపించాయి. కిటికీ తెరిచి ఉంది.

"ఊపిరి చాలట్లేదురా," అంటున్నాడు నాన్న. "అరవై దాటాయి కదా. రికార్డు ఆయనకి నువ్వే చెప్పు. ఆ కొత్తాయన్ని పెట్టుకుని చేసెయ్యండి. పాటలు నావే ఉంచండి, పర్లేదు."

"ఊపిరి చాలకపోవడమేంటి బావా?" అన్నాడు పియానో మావయ్య. "అసలు సంగతి చెప్పు. ఆ పళ్ళ వల్లేనా?"

"పళ్ళ మాట ఎత్తకు!" నాన్న గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. తర్వాత మళ్ళీ మామూలుగా, "పళ్ళు దివ్యంగా ఉన్నాయి. అది ఎంత కష్టపడి చేసిందో నేను చూశాను. రేపు ఎక్కడా ఎవరి నోటా పళ్ళ మాట రాకూడదు. ఊపిరి అని చెప్పు, చాలు. వయసుకి ఎవరూ ఏమీ అనుకోరు," అన్నాడు.

తడి గొడుగు పట్టుకుని మెట్టు మీదే నిలబడిపోయాను. ఈ నాలుగంతస్తులూ ఆ పెట్టె మోసుకుంటూ ఎక్కి, తలుపు తీస్తూనే పాట ఎత్తుకునే మనిషి. ఊపిరట. నలభై నాలుగేళ్ళుగా ఎదురుచూసినదాన్ని, నా మనసు నొచ్చుకుంటుందని, ఎవరో ఇచ్చిన మిఠాయిలా పక్కవాడికి ఇచ్చేస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఆయన మీద కాదని ఒప్పుకోవడానికి రెండు మెట్లు కిందికి దిగి కూర్చోవాల్సి వచ్చింది.

మావయ్య కంట పడకుండా కింది అంతస్తు వరండాలో ఆగి, ఆయన వెళ్ళిపోయాక వెనక గదిలోకి వెళ్ళాను. అమ్మ మిషను ముందు కూర్చుని చొక్కా కుడుతోంది. రికార్డింగు రోజు కోసం.

"నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టు వేయించుకున్నారు. నా మీద వేయించుకుంటే తప్పేదాన్నే. నీ మీద వేయించుకున్నారు."

"అంటే నా పళ్ళు బాగా లేవా?"

అమ్మ దారం కొరికి, చొక్కాని మిషను మీంచి తీసింది. "బాగా లేకపోవడం కాదే. మరీ బాగున్నాయి." చొక్కాని నా చేతుల్లోకి విసిరింది. "భుజాలు కొలువు."

టేపుతో కొలిచాను. కుడి భుజం ఎడమదానికంటే అర అంగుళం కిందికి ఉంది. అమ్మ చేతిలో అంత తప్పు నేనెప్పుడూ చూడలేదు.

"ఆ గొట్టం మోసీ మోసీ ఆయన కుడి భుజం దిగిపోయింది. పెళ్ళైన కొత్తలో రెండూ సమానంగా కుట్టాను. వేసుకుంటే ఈయనే వంకరగా ఉన్నట్టు కనిపించారు. అప్పటి నుంచి ప్రతి చొక్కా ఇలాగే. ఆయనకి ఇప్పటికీ తెలీదు, తన భుజాలు తిన్నగా ఉన్నాయనే అనుకుంటారు." అమ్మ చొక్కా వెనక్కి తీసుకుంది. "నువ్వు ఎవరో పెద్దమనిషికి పళ్ళు చేశావు. చాలా బాగున్నాయి. అవి పెట్టుకుని వాయిస్తుంటే ఆయనకి తన పాట తలలో మోగట్లేదట. ఇదివరకు ఆ పన్ను గుండా ఎముకలోకి వెళ్ళేదట. ఇప్పుడు పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టుందిట."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపది. ఆయన పళ్ళలో నాకు నచ్చనివన్నీ తీసేశాను. ఆయన వాయించేది వాటితోనే. పైగా పొద్దున్నే ఎదురుగా నిలబడి బాగున్నాయా బాగున్నాయా అని పీక్కుతిన్నాను.

*

ఇప్పుడు పాత పళ్ళ ఆకారం కావాలి. పీకినవి డాక్టరమ్మ ఆ రోజే పారేసింది. అచ్చు తీసింది పళ్ళు పోయాకే. ఫొటోలన్నీ వెతికాను. ప్రతిదాంట్లోనూ ఆయన నోట్లో శాక్సోఫోన్ ఉంది. లేనివాటిలో పెదవులు మూసి నవ్వుతున్నాడు. ముప్పై ఒక్కేళ్ళుగా నా కళ్ళముందున్న పన్ను, ఎంత పొడుగో, ఎటు ఎంత తిరిగిందో చెప్పమంటే చెప్పలేకపోయాను.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, ఫొటోలు సర్దుతూ పెట్టె వైపు చూశాను. ఫొటోల్లో పళ్ళు కనిపించనిది ఆ మౌత్‌పీస్ వల్లే. తెరిచి చేతిలోకి తీసుకున్నాను. నల్లటి గట్టి రబ్బరుది. నేను పుట్టక ముందు కొన్నది, ఇంతవరకూ మార్చలేదు. పైభాగాన, పళ్ళు ఆనే చోట, రెండు గుంటలు పడి ఉన్నాయి. ఎడమది లోతుగా, కాస్త ఏటవాలుగా. కుడిది పైపైన. మధ్యలో సన్నటి గట్టు. ఆయన పళ్ళు పోయాయి గానీ అవి ఎక్కడెక్కడ ఎంతెంత ఆనాయో ఆ రబ్బరు దాచిపెట్టుకుంది.

ల్యాబు నుంచి తెచ్చుకున్న ముద్ద నా సంచిలోనే ఉంది. కలిపి, ఆ గుంటల మీద అదిమాను. గట్టిపడటానికి మూడు నిమిషాలు. బాత్రూంలో ఆయన ఏదో కూనిరాగం తీస్తున్నాడు, నేను వాచీ చూసుకుంటున్నాను, అమ్మ తలుపు దగ్గర కాపలా నిలబడింది. నీళ్ళ చప్పుడు ఆగేసరికి మౌత్‌పీస్ తుడిచి, ఎలా ఉన్నది అలాగే పెట్టేశాం.

ల్యాబులో ఆ అచ్చును తిరగేసి చూస్తే మా నాన్న రెండు పళ్ళ అంచులు చిన్న కొండల్లా లేచి ఉన్నాయి. వాటిని పట్టుకుని మిగతాది కట్టుకుంటూ వచ్చాను. పన్ను తిప్పాను. సందు పెట్టాను. అంచులు అరగదీశాను. పెద్దాయన వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఏంటది?"

"పళ్ళండీ."

"అది తెలుస్తూనే ఉంది. ఎవరు పాడు చేశారు?"

"నేనేనండీ."

"ఇరవై రెండేళ్ళుగా నేను వంకర పళ్ళని తిన్నగా చేసి బతుకుతున్నాను. ఇది మన ల్యాబులోంచి బయటికెళ్తే జనం నా ముఖాన ఉమ్మేస్తారు."

విషయమంతా చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ అచ్చునీ నేను చేసిన పళ్ళనీ భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. "ఈ అంచుకి ఇంకా పదునుంది. ముప్పై ఏళ్ళు ఆనిన పన్నుకి ఇంత పదునుండదు. అరగదియ్యి," అన్నాడు. పళ్ళని వెనక్కి తిప్పి, "అంగిలి దగ్గర ఇంత మందమెందుకు? గోడకి పరుపు ఆనించినట్టుంది. ఇక మోత లోపలికెలా పోతుంది? పలచన చెయ్యి," అన్నాడు. ఆ రోజు ఇద్దరికి దంతాలు అందాల్సి ఉంది. ఇద్దరూ మర్నాటిదాకా ఆగారు.

*

"నాన్నా, నోరు తెరువు."

"ఎందుకమ్మా, ఉన్నవి బంగారంలా..."

"నీ ఊపిరి బాగానే ఉంది నాన్నా."

ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ వెనక గదిలో మిషను మీద ఉత్త గుడ్డని ఆగకుండా కుట్టుకుంటూ పోతోంది. నాన్న మొదటి పళ్ళు తీసి, కొత్తవి పెట్టుకున్నాడు. నాలుక పైకి వెళ్ళి వాటిని తడుముకోవడం బుగ్గ బయటికి కనిపించింది. ఎడమ పన్ను దగ్గర ఆగింది. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, చాలాసేపు ఇటు తిరగలేదు.

తర్వాత శాక్సోఫోన్ మెడలో వేసుకున్నాడు. నెమ్మదైన బ్లూస్ ఒకటి, పన్నెండేసి ఆవర్తాల వరసలు నాలుగు. మొదటి స్వరం కింది నుంచి, భుజంతో నెట్టుకుంటూ వచ్చింది. మిషను ఆగిపోయింది.

ఆపాక అడిగాను. ఉండబట్టలేక. "ఎలా ఉంది?"

"బంగారం," అన్నాడు.

అదే మాట. అదే గొంతు. మొదటి పళ్ళకీ బంగారమే, వీటికీ బంగారమే, ఇక నేను దేన్ని పట్టుకుని తెలుసుకోను?

తర్వాత అమ్మని అడిగాను. "దగ్గరికొచ్చారు," అంది. "పూర్తిగా వచ్చారో లేదో ఆయనకే తెలియాలి. మనకి చెప్పరు."

పియానో మావయ్య రికార్డు ఆయనకి ఏమీ చెప్పలేదని కూడా అప్పుడే తెలిసింది. "ఈ వానలో అంత దూరం ఎవడు వెళ్తాడు బావా?" అన్నాడు. మావయ్య ఇల్లూ రికార్డు ఆయన ఇల్లూ ఒకే వీధిలో ఉంటాయి.

*

శనివారం పొద్దున తెరిపిచ్చింది. స్టూడియోలో అద్దానికి అవతల బ్యాండు, ఇవతల రికార్డిస్టు, రికార్డు ఆయన, అమ్మ, నేను. నా ఒళ్ళో సంచి, సంచిలో ఆకురాయి, నునుపు చేసే గుడ్డ. కొత్త చొక్కాలో నాన్న భుజాలు గీత గీసినట్టున్నాయి.

మొదటి పాట ఒక్కసారికే వచ్చింది. రెండోది నెమ్మదైనది. చివర్లో ఆయన అన్నిటికంటే కింది స్వరానికి దిగి, దాన్ని పట్టుకుని అలాగే నిలబడాలి. దిగాడు, నిలబడ్డాడు. కానీ అక్కడికి వచ్చేముందు వాయిద్యాన్ని నూలుపోగంత పక్కకి జరపడం చూశాను. రెండోసారి వాయించినప్పుడూ అక్కడే జరిపాడు. స్వరం ముందు కొంచెం ఉత్త గాలి వచ్చి, తర్వాత మోగింది.

"అద్భుతం!" అన్నాడు రికార్డు ఆయన. రికార్డిస్టు మైకులో అడిగాడు. "చాలా బాగుందండీ. ఇది ఉంచేద్దామా?"

డ్రమ్స్ ఆయన చేతులు దులుపుకున్నాడు. పియానో మావయ్య కూడా తలూపాడు. అందరూ నాన్న వైపు చూస్తున్నారు. నాన్న అద్దంలోంచి నావైపు చూశాడు.

ఆ చూపు నాకు తెలుసు. చల్లగా ఉందమ్మా అన్నప్పటి చూపది. నేను లేచి తలుపు తీసి "బాగుందా నాన్నా?" అంటే చాలు, బంగారం అనేస్తాడు, ఆ గాలి ఆ రికార్డులో ఎప్పటికీ ఉండిపోతుంది. ఆ వానాకాలమంతా నేను చేసిన తప్పు అడగడమే. సంచి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. అమ్మ నా మోచేతిని నొక్కింది, లేవమనో వద్దనో తెలియలేదు. నేను లేవలేదు.

నాన్న మౌత్‌పీస్ తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. స్పీకర్లో ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది.

"అమ్మాయ్, ఒకసారి లోపలికి రా."

వెళ్ళాను. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని రెండు నెలలు బతికిన మనిషి, బ్యాండంతా చూస్తుండగా పళ్ళ పలక తీసి నా అరచేతిలో పెట్టాడు.

"ఇది బాగా లేదు," అన్నాడు. పళ్ళు లేక మాట జారుతోంది, అయినా ఆపలేదు. "ఎడమ పన్ను వెంట్రుకవాసి ఎత్తుగా ఉంది. కిందికి దిగేటప్పుడు అడ్డం పడుతోంది. నిన్నా మొన్నా కూడా అంతే. నీకు చెప్పలేదు."

నాకు ముప్పై ఒక్కేళ్ళు. మా నాన్న నా పని బాగా లేదనడం అదే మొదటిసారి. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని తల వంచుకున్నాను, ఎందుకంటే నవ్వు ఆగడం లేదు, కళ్ళలోంచి నీళ్ళు కూడా ఆగడం లేదు. పియానో మూత మీద గుడ్డ పరిచి, ఆకురాయితో నాలుగు సార్లు రాసి ఇచ్చాను.

పెట్టుకుని, ఆ కింది స్వరం ఒక్కటి ఊదాడు. "ఇంకా," అన్నాడు.

తీసి మళ్ళీ రాశాను. ఊదాడు. తల అడ్డంగా ఊపాడు. "ఇంకొంచెం. నువ్వు భయపడుతూ రాస్తున్నావు."

భయపడకుండా రాశాను. ఈసారి ఆయన కళ్ళు మూసుకుని దిగాడు. వాయిద్యం ఎటూ జరగలేదు. స్వరం ముందు గాలి రాలేదు. అది నా చేతి కింద పియానో మూతలో కూడా సన్నగా అదిరింది. ఊపిరి అయ్యేదాకా పట్టుకుని, ఆపి, కళ్ళు తెరిచాడు.

"ఇప్పుడు బాగుంది," అన్నాడు.

నేను నమ్మాను. ఆకురాయి సంచిలో వేసుకుని, తలుపు మూసి ఇవతలికి వచ్చాను.